సైట్ పడిపోతే రీస్టార్ట్ చేయకండి

సర్వర్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు అందరూ మొదట నేర్పేది రీస్టార్ట్. దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్లలో కోర్సు ముగించుకున్న పిల్లలు హయత్‌నగర్‌లో నా గదికి వచ్చి కూర్చుంటారు. వెబ్ సర్వర్ అపాచీ మొరాయించగానే వాళ్ల వేళ్లు ఆ కమాండ్ మీదికే పోతాయి. నా మొదటి సలహా దానికి ఎదురు. సైట్ పడిపోయిందా, పది నిమిషాలు పడి ఉండనివ్వండి. ఫోన్లో కస్టమర్ కేకలేస్తున్నా సరే. "అన్నా, పనిలకెళ్లి తీసేస్తరు" అంటారు. తీసేసినా సరే, ముందు చూడండి.

యాక్సెస్ లాగ్‌కు ఒక గుణం ఉంది. రిక్వెస్ట్ వచ్చినప్పుడు కాదు, దానికి జవాబు పూర్తయ్యాకే అపాచీ ఆ వరుస రాస్తుంది. మన డిపోలో బస్సు తిరిగొచ్చాకే రిజిస్టర్‌లో ఎక్కిస్తారనుకోండి. ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కుపోయిన బస్సు అందులో కనిపించదు. సైట్‌ను ముంచింది సరిగ్గా ఆ బస్సే. రీస్టార్ట్ కొడితే దాని జాడ కూడా పోతుంది. కాబట్టి ముందు సర్వర్ స్టేటస్ పేజీ తెరిచి, ఏ రిక్వెస్ట్ ఎన్ని సెకన్లుగా నిలబడి ఉందో కాగితం మీద రాసుకోండి. ప్రాసెస్‌లన్నీ నిండిపోతే ఆ పేజీ కూడా రాదు. అందుకే ఫోరెన్సిక్ లాగ్ మాడ్యూల్‌ను ముందుగానే ఎక్కించి పెట్టుకోండి. రిక్వెస్ట్ లోపలికి రాగానే ప్లస్ గుర్తుతో ఒక వరుస, పని ముగిశాక మైనస్ గుర్తుతో ఇంకో వరుస రాస్తుందది. మైనస్ లేని ప్లస్ దొరికిందంటే బస్సు ఎక్కడ ఆగిందో తెలిసినట్టే. డిస్క్ తినేస్తుందని అందరూ వద్దంటారు. తిననివ్వండి.

రెండోది, కాన్ఫిగ్‌లో ఉన్న ఇఫ్‌మాడ్యూల్ కప్పులన్నీ పీకేయండి. "ఈ మాడ్యూల్ ఉంటేనే ఈ వరుసలు చదువు" అని సర్వర్‌కు చెప్పే ఏర్పాటు అది. జాగ్రత్త అనుకుని పుస్తకాల్లో, పాఠాల్లో అందరూ పెట్టిస్తారు. దానివల్ల నాకు జరిగింది చెబుతాను.

ఒక చిన్న బడి సైట్‌ను పీహెచ్‌పీ 7 నుంచి 8కి మార్చాను. 7లో అపాచీకి తెలిసే మాడ్యూల్ పేరులో ఆ 7 అంకె ఉండేది. 8 నుంచి అంకె తీసేసి వట్టి పీహెచ్‌పీ మాడ్యూల్ అన్నారు. పీహెచ్‌పీ ఫైళ్లను మాడ్యూల్‌కు అప్పగించే వరుసలు నేను పాత పేరున్న ఇఫ్‌మాడ్యూల్ లోపలే ఉంచాను. ఆ పేరుతో మాడ్యూల్ లేదు కనుక అపాచీ వాటిని చప్పుడు లేకుండా దాటేసింది. కాన్ఫిగ్ పరీక్ష పెడితే సింటాక్స్ ఓకే అంది. ఎర్రర్ లాగ్ ఖాళీ. యాక్సెస్ లాగ్‌లో వరసగా 200లు, అంటే జవాబులన్నీ సరిగ్గా వెళ్లాయని. గ్రాఫ్ చూసేవాడికి అంతా సవ్యంగానే ఉంది.

చివరి కాలమ్‌లో బైట్ల లెక్క చదివాక గుండె జారింది. మొదటి పేజీకి అంతకుముందు రోజుకో సైజు, పూటకో సైజు. ఇప్పుడు అందరికీ ఒకటే అంకె. మధ్యలో 304లు, అంటే "ఫైలు మారలేదు" అనే జవాబులు, పడుతున్నాయి. అవి మామూలుగా బొమ్మలకు, స్టైల్ ఫైళ్లకు వచ్చేవి. అంటే ప్రోగ్రామ్ నడవడం లేదు, ప్రోగ్రామ్ రాతే అక్షరం పొల్లుపోకుండా బయటికి పోతోంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును ఎవరైనా అడిగితే అది ఏమీ ముద్రించదు, సైజు చోట అడ్డగీత ఉండాలి. ఒక వరుసలో అడ్డగీత లేదు, అంకె ఉంది. అడిగిన ఐపీ చిరునామా మాకు తెలిసినది కాదు. ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చాను, తెల్లారి బడివాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ కప్పు లేకపోతే ఆ వరుసలు మామూలుగా పనిచేసేవి. మాడ్యూలే లేకుంటే, పీహెచ్‌పీ అమరికల దగ్గర సర్వర్ లేవకుండా ఆగిపోయేది. ఆగిపోవడమే మేలు.

పీహెచ్‌పీని అపాచీ బయట వేరుగా నడిపే ఎఫ్‌పీఎం జోలికి చిన్న సైట్లకు పోనే వద్దంటాను. వేగం, పొదుపు అంటూ అందరూ దాన్నే మెచ్చుకుంటారు, నిజమే. కానీ నేర్చుకునేవాడికి అపాచీ లోపలే నడిచే మోడ్ పీహెచ్‌పీ, రిక్వెస్ట్‌కొక ప్రాసెస్ ఇచ్చే ప్రీఫోర్క్ చాలు. పీహెచ్‌పీ తప్పులు అపాచీ ఎర్రర్ లాగ్‌లోనే పడతాయి, ఇంకో చోట వెతుక్కోనక్కర్లేదు.

లాగ్‌లో బొమ్మల వరుసలు, బాట్ల వరుసలు వడపోయకండి. లాగ్‌ఫార్మాట్ చివర శాతం గుర్తు, పెద్ద డీ చేర్చండి. జవాబుకు పట్టిన సమయం మైక్రోసెకన్లలో వస్తుంది. లాగ్ రాయడం లేదని లాగ్ ఫోల్డర్‌కు 777, అంటే అందరికీ రాసే హక్కు, ఇవ్వమని ఎవరు చెప్పినా వినకండి. అపాచీ ఆ ఫైళ్లను రూట్ అధికారంతో తెరుస్తుంది. ఆ ఫోల్డర్‌లో రాయగలిగినవాడు రూట్ కాగలడు. ఇక పాత లాగ్‌లు. ఉబుంటులో అపాచీకి వచ్చే అమరిక రోజుకొకటి చొప్పున 14 మాత్రమే దాస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. 14 కొట్టేసి 180 రాయండి.

చివరి సలహా వింటే ఆఫీసులో నవ్వుతారు. వారానికోసారి ఒక పేజీ లాగ్ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి ఎర్ర పెన్నుతో చదవండి. స్క్రీన్ మీద కన్ను జారిపోతుంది, కాగితం మీద ఆగుతుంది. మొన్న ఒక తమ్ముడు కాగితం చూస్తూ, "అన్నా, రాత్రి తొమ్మిదిన్నరకు ఆగిందన్నరు గదా, ఆ టైముకు అసలు గడబిడే లేదు" అన్నాడు. టైము పక్కన +0530 ఉందా చూడమన్నాను. +0000 ఉంది, అంటే మన టైముకు ఐదున్నర గంటలు వెనక. వేలు పైకి జరుపుకుంటూ 16:00 దగ్గరికి వెళ్లాడు. వరసగా ఏడు 500లు, అంటే సర్వర్ లోపల తప్పులు, ఏడూ ఒకే ఫైలుకు. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. ఫైలు సరిచేశాక ఆ కాగితం చింపేయించాను, అందులో మనుషుల ఐపీ చిరునామాలుంటాయి కనుక.