రక్తం ఆగిందని గొలుసు విప్పకండి

ఇంట్లో ఆడకుక్క ఎదకొచ్చిందని తెలిస్తే చాలు, వీధిలో ప్రతివాళ్లూ డాక్టర్లే. ఆ సలహాలు విన్నందుకు బాధపడేది మాత్రం నోరులేని జీవి.

"రక్తం ఆగిపోయిందిగా, ఇక వదిలేయండి" అంటారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఆడవాళ్ల నెలసరిలాగే కుక్కకీ అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటిది. మనుషుల్లో గర్భం నిలవకపోతే రక్తం పోతుంది. కుక్కల్లో అండాలు విడుదల కావడానికి ముందే పోతుంది. మొదటి తొమ్మిది రోజులు, కాస్త అటూ ఇటూగా, మగకుక్కలు ఎంత వెంటపడ్డా అది దగ్గరికి రానివ్వదు, పళ్లు చూపిస్తుంది. తర్వాత స్రావం పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. జత కట్టేది సరిగ్గా అప్పుడే! కాబట్టి మొదటి చుక్క కనిపించిన రోజు నుంచి పూర్తిగా మూడు వారాలు, వీలైతే నాలుగు, గొలుసు లేకుండా గేటు దాటనివ్వకండి. పెరట్లో కూడా ఒంటరిగా వదలొద్దు. మగకుక్కకు ప్రహరీ గోడ ఒక లెక్క కాదు.

"చిత్తకార్తె ఇంకా రాలేదుగా" అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. వీధికుక్కల సందడి ఆ రోజుల్లో ఎక్కువే, కానీ ఇంటికుక్క కార్తెలు చూసుకోదు. ఆరు నెలల వయసు దాటాక ఎప్పుడైనా ఎదకు రావచ్చు, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. ఆపైన సుమారు ఆరు నెలలకోసారి. తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఈ రోజుల్లో అది మాటిమాటికీ మూత్రం పోస్తుంది, చిరాకు పడుతుంది, తలుపు దగ్గరే తచ్చాడుతుంది. "నాలుగు తగిలించండి, దారికొస్తుంది" అనేవాళ్ల మాట వినకండి. ఆ మూత్రం వాసనతోనే మగకుక్కలకు కబురు వెళుతుంది. అది అల్లరి కాదు, హార్మోన్ల పని. కొడితే భయం మిగులుతుంది, అంతే.

జత కట్టి ఇరుక్కున్న కుక్కల్ని కర్రతో కొట్టి, నీళ్లు కుమ్మరించి విడదీయడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. దయచేసి ఆ పని చేయకండి. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల గాయాలవుతాయి. పావుగంట, అరగంటలో వాటంతటవే విడిపోతాయి. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

"ఒక్కసారైనా పిల్లలు పెట్టనివ్వండి, ఆరోగ్యం" అన్నదానికి ఆధారం లేదు. "ఎద రాకుండా ఇంజెక్షన్ వేయించండి" అన్నది ఇంకా చెడ్డ సలహా, ఆ హార్మోన్లు గర్భసంచిలో చీము పట్టే ముప్పును పెంచుతాయి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషనే మేలు. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కనుక, సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి చేస్తారు.

ఎద ముగిసిన రెండు నెలల్లోపు కుక్క విపరీతంగా నీళ్లు తాగుతూ, తిండి మానేసి, వాంతులు చేసుకుంటుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. అన్నిసార్లూ చీము బయటికి కనిపించదు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.