మీ కారు ఆయిల్ తాగుతోందా? కంగారెందుకు, పోస్తూ ఉండండి

చందానగర్‌లో పాత కారున్నవాడికి దేనికైనా కరువుండొచ్చు గానీ సలహాకు లేదు. గంగారంలో స్పేర్‌పార్టుల కొట్టువాడు ఒకటిస్తాడు, ఎంఎంటీఎస్ స్టేషన్ రోడ్డులో టీ తాగుతుంటే పక్కనాయన ఒకటిస్తాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అడక్కుండానే రెండిస్తాడు. వాటిలో ఆచరించదగ్గవి ఏరి ఇక్కడ పెడుతున్నాను.

మీ సంగతి నాకు తెలుసు. ఏపీ 28 నంబరు, 2010 మోడల్ పెట్రోలు కారు. బావమరిది డాలస్ వెళ్లిపోతూ మీకు అంటగట్టాడు. మీటరు లక్షా అరవై వేలు దాటింది. పొద్దున్నే సెల్లార్‌లో స్టార్ట్ చేస్తే నీలం పొగ లేస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోంది. హైటెక్ సిటీకి పోయి రావడం రోజుకు పాతిక కిలోమీటర్లు వేసుకున్నా నలభై రోజులకో డబ్బా. దీనికోసం ఇంజన్ దింపుతారా ఎవరైనా?

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త: ఆ ఆయిల్ ఎటు పోతోందో ఎట్టి పరిస్థితిలోనూ కనుక్కోవద్దు. కనుక్కునే పద్ధతులు తెలిసినవాళ్లు ఊళ్లో తిరుగుతుంటారు, వాళ్లకు దూరంగా ఉండండి. రాత్రంతా నిలిపిన కారు స్టార్ట్ చేయగానే ఒకసారి పొగ వదిలి తరవాత మామూలైపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయంటారు. ఆల్విన్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి, పచ్చలైటు పడగానే ముందుకురికినప్పుడు వెనక బుస్సుమన్నా అనుమానం వాటి మీదే. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ కొడుతుంటే రింగులట. పొగ తెల్లగా ఉండి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూడమంటారు. ఇదంతా తెలియాలంటే మీ వెనకున్న బైకువాణ్ని అడగాలి. హెల్మెట్ అద్దం పైకెత్తి అతను చెప్పే మాటల్లో సాంకేతిక సమాచారం తక్కువే ఉంటుంది.

మెకానిక్కుల్లో కొందరు మరీ ప్రమాదకరం. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజ్ పెడతారు. రీడింగ్ తక్కువొచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. ఈసారి ముల్లు బాగా లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు. కాసేపట్లో తేలిపోతుంది, ఏళ్ల తరబడి మీరు పెంచి పోషించుకున్న అనుమానం గోవిందా. ఇంకా పీసీవీ వాల్వ్ అని బొటనవేలంత సామాను ఒకటుంటుంది. ఇంజన్ లోపల పుట్టే ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపడం దాని పని. అది మసిపట్టి పాడైనా ఆయిల్ తగ్గుతుంది. దాన్ని మాత్రం అస్సలు చూడనివ్వకండి. ఏడాదిగా కాలనీకంతా పొగ పెట్టింది ఆ చిన్న ముక్కేనని బయటపడితే అసోసియేషన్ మీటింగులో తలెత్తుకోగలరా?

ఇక డబ్బా ఎంచుకోవడం. ఇక్కడ సూత్రం ఒక్కటే, అంకె పెద్దదైతే ఆయిల్ గొప్పది. కంపెనీ 5డబ్ల్యూ-30 పోయమంటే మీరు 20డబ్ల్యూ-50 అడగండి. "ఏం గాదు సార్, మన ఎండలకు ఇదే కరెక్టు, నా ఆటోల గూడ ఇదే పోస్త" అని కొట్టువాడు భరోసా ఇస్తాడు. ఆటోకు, మీ కారుకు తేడా ఏమిటని అడిగి ఆయన మనసు నొప్పించకండి.

చదువుకున్నవాళ్లు కాబట్టి ఈ అంకెల కథ కూడా వింటానంటారు. డబ్ల్యూ ముందున్నది చలికి సంబంధించిన కొలత. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. డిసెంబర్‌లో చందానగర్‌లో మంకీ క్యాప్ పెట్టుకుని వాకింగ్‌కు వెళ్లేవాళ్లున్నారు గానీ మైనస్ చూసినవాళ్లు లేరు. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. ఎస్‌ఏఈ లెక్క ప్రకారం 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే అక్కణ్నుంచి 16.3 లోపు, 50 అంటే 21.9 లోపు. అంటే 30 నుంచి 50కి గెంతితే చిక్కదనం ఇంచుమించు రెట్టింపు. ఏ వాతావరణంలో ఏయే గ్రేడ్లు వాడొచ్చో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. అందులో 10డబ్ల్యూ-40కి చోటుంటే ఒక్క మెట్టు ఎక్కి చూడు, కొంత తగ్గొచ్చు అనే పిరికివాళ్లున్నారు. మంచి సింథటిక్ అయితే వేడికి ఆవిరైపోయేది కూడా తక్కువని వాళ్లే అంటారు. ఎక్కితే నిచ్చెన పైదాకా ఎక్కాలి గానీ ఒక్క మెట్టేమిటి?

50 పోశాక పొగ కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, సంతోషించండి. పొద్దున్నే చిక్కటి ఆయిల్ క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కడానికి ఇంకాస్త టైము తీసుకుంటుంది, ఆ లోపు పైన టకటకమంటుంది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. కార్బన్ పట్టి పిస్టన్ గాడిలో బిగుసుకుపోయిన ఆయిల్ రింగు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకడం మానేసింది. 30 పోసినప్పుడు గీకలేదు, 50 పోసినా గీకదు. ఈ చివరి సంగతి పట్టించుకుంటే ఆయిల్ కొనడంలో ఆనందం పోతుంది.

50తో కూడా ఆశ తీరకపోతే లారీ ఆయిల్ ఉండనే ఉంది. సీఐ-4 అని రాసి ఉన్న డీజిల్ ఆయిల్‌లో మసిని కడిగే మందులు, జింకు, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి. లారీకే సరిపోయింది కారుకు సరిపోదా? ఆ ఫాస్ఫరస్ ఆయిల్‌తోపాటు కాలి, సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పూతలా పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. 2010 ఏప్రిల్ నుంచి దేశంలోని 13 నగరాల్లో బీఎస్-4 పొగ నిబంధనలు పెట్టినప్పుడు హైదరాబాద్ కూడా అందులో ఉంది. మీ కారుకు ఆ ఖరీదైన డబ్బా ఎందుకు బిగించారో, దాన్ని ఎందుకు అంత జాగ్రత్తగా చూడాలో ఆలోచించకండి. ఎలాగూ కారుకు 15 ఏళ్లు నిండాయి, రిజిస్ట్రేషన్ పొడిగింపుకు కొండాపూర్ ఆర్టీఏ మెట్లెక్కేటప్పుడు ఆలోచించవచ్చు.

డబ్బాలో కాస్త మిగిలితే మోటార్‌సైకిల్‌లో పోసేయండి. దాని క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయని, అందుకే జాసో ఎంఏ గుర్తున్న ఆయిల్ అడగాలని అంటారు. క్లచ్ జారితే అప్పుడు చూసుకోవచ్చు.

డాలస్ బావమరిదికి ఫోన్ చేయడం మరవకండి. అమెరికాలో 75 వేల మైళ్లు, అంటే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన బండ్లకని 'హై మైలేజ్' ఆయిల్ విడిగా అమ్ముతారు. గట్టిపడిన రబ్బరు సీళ్లను కొద్దిగా మెత్తబరిచే మందు కలుపుతారు అందులో. సీళ్ల దగ్గర చిన్నగా కారే బండికి అది కొంత పనిచేయొచ్చు, అరిగిన రింగులకు రబ్బరుతో సంబంధం లేదు. అయినా తెమ్మనండి. ఆవకాయ, కందిపొడి మోసుకెళ్లిన సూట్‌కేసు వచ్చేటప్పుడు ఖాళీగా ఎందుకు రావాలి? బండి అంటగట్టినందుకు ఆ మాత్రం మోయాలి.

ఇప్పుడు డబ్బు ఆదా చేసే అసలు చిట్కా. ఆయిల్ తాగే బండికి ఆయిల్ మార్చనే అక్కర్లేదు. పాతది తనంతట తాను కాలిపోతోంది, కొత్తది మీరు పోస్తున్నారు, మార్చడమంటే అదే కదా! ఫిల్టర్ అలాగే ఉంటుంది, ఛాంబర్ అడుగున తారులాంటి మడ్డి అలాగే ఉంటుంది, కాలిన ఆయిల్ వదిలిన బొగ్గు రింగుల గాడిలో ఇంకా ఇంకా పేరుకుంటుంది. దానివల్ల బండి ఇంకా ఎక్కువ తాగుతుంది, ఇంకా తొందరగా కొత్త ఆయిల్ పడుతుంది. ఇంతకంటే తాజాగా ఏ ఇంజన్‌ను ఉంచగలరు?

మార్చి తీరాలని పట్టుబట్టేవాళ్లు 10 వేల కిలోమీటర్ల లెక్క పట్టుకోండి. గంటల లెక్క జోలికి పోవద్దు. గంటకు 60 చొప్పున జహీరాబాద్ వైపు ముంబై హైవే మీద నడిచే బండి ఆ దూరం 167 గంటల్లో పోతుంది. కొండాపూర్ మీదుగా ఆఫీసుకు గంటకు 12 చొప్పున పాకే మీ బండికి 833 గంటలు పడుతుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది, కానీ మీటరు కదలదు. కాగితం మీద మీది తక్కువ తిరిగిన బండి.

డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు అసలే వద్దు. బండి చదునైన చోట ఆపి, కాసేపాగి, కడ్డీ తుడిచి, మళ్లీ పెట్టి తీసి, రెండు గుర్తుల మధ్య ఎక్కడుందో చూడటం ఓపిక లేని పని, చొక్కా కూడా పాడవుతుంది. డ్యాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపంలాంటి ఎర్ర గుర్తు ఉంది కదా, అది వెలిగేదాకా ఆగండి. అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెజర్ పడిపోయిందని చెబుతుంది, వెలిగేసరికి బేరింగులు ఎండిపోవడం మొదలవుతుంది. దీపం వెలిగితే భూతం రావాలి కాబట్టి వస్తుంది, రికవరీ వ్యాన్ రూపంలో. అంతదాకా రాకూడదనుకుంటే ఒకేసారి పై గుర్తు దాటించి నిండా పోసేయండి. క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌లో మునిగి నురగ కొడుతుంది, ఆ నురగ పీసీవీ గొట్టంలోంచి మళ్లీ ఇంజన్‌లోకే పోయి కాలుతుంది. పోసినదానిలో కొంత ఆ రోజే లెక్క తేలిపోతుంది.

కొనడం ఎక్కడంటారా? ఎక్కడ చవకైతే అక్కడ. మూత కింద సీలు చిరిగినట్టుంటే గాలి తగలడానికి తీసి ఉంటారు. ఖాళీ అయిన డబ్బాను చెక్కుచెదరకుండా, మూతతో సహా పాత సామాన్లవాడికి వేయండి. చింపితే, చిల్లు పెడితే దాని విలువ పోతుంది. నిండుగా వెలిసి అదే డబ్బా మీ దగ్గరికే రావచ్చు.

ఇన్ని పాటించినా బండి దారికి రాకపోతే అమ్మేయండి. ముందురోజు గేర్‌బాక్సుల్లో పోసే 90 నంబరు ఆయిల్ అర లీటరు ఇంజన్‌లో కలిపితే రెండు రోజులు పొగ కనబడదు, శబ్దమూ అణుగుతుంది. కొనేవాడు వచ్చే ముందే ఇంజన్ వేడిగా ఉంచాలి. అతను మెకానిక్‌ను వెంటబెట్టుకొస్తే మాత్రం బేరం వదిలేయండి. ఆ మెకానిక్ నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత విప్పి, దాన్ని అక్కడే తిరగేసి పెడతాడు. మూత తపతపా ఎగిరితే అరచెయ్యి అడ్డం పెట్టి, లోపల్నుంచి తంతున్న గాలిని చూసి, "బ్యాక్ కంప్రెషన్ ఉంది సార్, ఇంజన్ పని ఉంది" అని మీ మొహమ్మీదే అనేస్తాడు. మెకానిక్ లేకుండా, ఆదివారం పూట, భార్యాపిల్లలతో బండి చూడటానికి వచ్చేవాణ్ని చూసుకోండి. నల్లగండ్లవాడైనా మియాపూర్‌వాడైనా ఫరవాలేదు, మీ అపార్ట్‌మెంట్‌వాడు మాత్రం వద్దు, రోజూ లిఫ్టులో తగులుతాడు.