మా కొలువులు లెక్కలోకి రాలేదండి

ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీల సంఘాలు కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారికి రాసుకున్న మొర చదివాక రాజమండ్రి దగ్గరి కోరుకొండవాళ్లం కాస్త నొచ్చుకున్నామండి. డబ్బు పెట్టి ఆడే ఆటలు ఆపేస్తే 400 పైచిలుకు కంపెనీలు మూతపడతాయట. 2 లక్షల ఉద్యోగాలు పోతాయట. ఏటా కట్టే 20,000 కోట్ల పన్ను ఆగిపోతుందట. అన్నీ రాశారు గానీ, ఈ పరిశ్రమనే నమ్ముకున్న మా ఊరి అనుబంధ కార్మికుల ఊసే ఎత్తలేదు. ఆ ఆటల్ని ఆపే బిల్లు 2025 ఆగస్టు 21న రాజ్యసభ దాటింది, 22న రాష్ట్రపతి సంతకమూ అయిపోయింది. అయినా రికార్డు కోసం మా జాబితా కూడా పంపుతున్నాం, చిత్తగించవలెను.

మొదటిది తాకట్టు కొట్టు. ఐపీఎల్ మొదటి వారం కుర్రాడి ఉంగరం వస్తుంది. ప్లేఆఫ్స్ నాటికి వాళ్లమ్మ గాజులు, ఫైనల్ అయ్యాక నానమ్మ నాంతాడు. విడిపించుకోలేనివి వేలానికి. మాది నైపుణ్యంతో ఆడే ఆట అని కంపెనీలు కోర్టుల్లో వాదించాయి కదా, నిజమేనండి. ఇంట్లోవాళ్లు నిద్ర లేవకుండా బీరువా తీయడం మా కుర్రాళ్లకి అంతకుముందు తెలీదు.

రెండోది నోట్ల మీద అప్పులిచ్చేవారు. మామూలు రోజుల్లో నూటికి రెండు, మ్యాచి రోజున ఐదు, ఆఖరి ఓవర్లో అడిగితే పది. రిజర్వు బ్యాంకు ఇంత చురుగ్గా వడ్డీ సవరించడం మేమెప్పుడూ చూడలేదు.

మూడోది అకౌంటు అద్దెకిచ్చేవాళ్లు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కలిపి ఎవడి చేతిలోనో పెడితే నెలనెలా అద్దె. సొంత ఇల్లు లేనివాడు కూడా అద్దె తింటున్నాడంటే సామాన్యమా? తర్వాత సైబర్ పోలీసులొచ్చి అకౌంటులో తిరిగిన లక్షల సంగతి అడుగుతారు. అలా వాళ్లకీ, ఆ వెనకాల వకీళ్లకీ చేతినిండా పని.

నాలుగోది వసూళ్ల శాఖ. లోన్ యాప్ తరఫున ఎక్కడో కూచున్నవాడు మనవాడి ఫోన్లోని నంబర్లన్నిటికీ వరసగా ఫోన్లు కొడతాడు. మేనమామకీ, మాస్టారికీ, చెల్లెల్ని చూసుకోడానికి రావలసిన పెళ్లివారికీ. ఐదోది గోకవరం రోడ్డు మీద కాపు కాసే సీజింగ్ కుర్రాళ్లు. మూడు కిస్తీలు తప్పిన బండి వాళ్ల అన్నం. ఆరోది దస్తావేజు లేఖరులు. అర్జెంటుగా ఎకరం అమ్ముకునేవాడు బేరమాడడు. సంతకం పెట్టడానికి నాన్నని తీసుకొస్తాడు, అంతే.

ఇదంతా నిషేధం ఉన్నచోట అని మనవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలు బంద్ చేశారు. 132 సైట్లు, యాప్‌లు మూయించమని అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు ఢిల్లీకి ఉత్తరమూ రాశారు. మా అనుబంధ పరిశ్రమకి ఒక్కపూట లాకౌట్ పడలేదు. మా నరసింహస్వామి కొండెక్కాలంటే ఆరు వందల పైచిలుకు మెట్లు, అప్పులోకి దిగాలంటే ఒక్క ఓటీపీ.

తొందరపడి లాభనష్టాలు చూడకండి. ఈ పరిశ్రమ ఫలితం ఆలస్యంగా అందుతుంది. అమెరికాలో 2018లో సుప్రీంకోర్టు ఆటల పందేలకు గేట్లెత్తింది. ఆన్‌లైన్ బెట్టింగ్‌ని అనుమతించిన రాష్ట్రాల్లో కొన్నేళ్లకి దివాలాలు పాతిక నుంచి ముప్పై శాతం దాకా పెరిగాయని అక్కడి ఆచార్యులు లెక్కగట్టారు. ఆ లెక్కన మా కొట్లకి అసలు గిరాకీ ఇంకా ముందుంది.

ఏడోది గజ ఈతగాళ్లు. రాజమండ్రి దగ్గర గోదావరిలో దూకినవాడి కోసం వెతికేవాళ్లు. కంపెనీలవారూ, వాళ్లని కూడా మీ 2 లక్షల్లో కలుపుతారా?

వెటకారం ఇక కట్టిపెడతాను. 45 కోట్ల మంది ఏటా ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నది దగ్గరదగ్గర 20,000 కోట్లని కేంద్రం అంచనా. పన్నుగా కట్టామని మీరు గొప్పగా చెప్పుకున్నదీ 20,000 కోట్లే. కట్టింది మీరు కాదు. మా ఇళ్లలో గాజులు కట్టాయి, కాలేజీ ఫీజులు కట్టాయి, ఆడపిల్ల పెళ్లికి దాచింది కట్టింది. సర్కారువారూ చేతులు కడుక్కోవద్దు. జనం ఆటలోకి వేసిన సొమ్ము మీద నూటికి 28 చొప్పున 2023 అక్టోబరు నుంచి మీరూ వాటా పుచ్చుకున్నారు. పుచ్చుకున్నన్నాళ్లూ ఈ ఇళ్లు మీకు కనపడలేదు. ఇప్పుడు ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా అని రాశారు. ఆ రాత 2020 నాటి రాతలా కాగితం మీదే ఉండిపోతే నేరం మీది కూడా.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లవాడి అప్పు బయటపడితే పరువుకోసం దాచి, కొత్త అప్పుతో పాతది తీర్చకండి. కేంద్రం తెచ్చిన చట్టం ఆడినవాడిని శిక్షించదు, ఆడించినవాడినే శిక్షిస్తుంది. కుర్రాడిని ఒంటరిగా వదలకుండా ముందు టెలీ మానస్ 14416కి ఫోను చెయ్యండి, పైసా ఖర్చు లేదు. తర్వాత పందేల ఐడీ ఇచ్చినవాడి పేరు పోలీసులకి చెప్పండి.