పదమూడు ముక్కల పద్యానికి పలాస టీక

మూలం (ఆటవెలది)

ముందు జోకరొగ్గి మూడేరి కట్టుమా
పెద్ద ముక్క మీద ప్రేమ వలదు
చేయి పండదనిన సిగ్గేల డ్రాపన
ఆలకించు కొత్తయాటగాడ

ప్రతిపదార్థం: కొత్తయాటగాడ = ఓ కొత్త ఆటగాడా (టెక్కలి నుంచి ఉద్దానం అత్తారింటికి సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడా, అని పలాస వ్యాఖ్యాతలు); జోకరు ఒగ్గి = జోకరును పక్కనబెట్టి; మూడు ఏరి = ఒకే గుర్తున్న వరస ముక్కలు మూడు ఏరి; కట్టుమా = సీక్వెన్సు కట్టు. తక్కినది సులభము.

టీక: కొత్తవాడు మొదటి పాదంలోనే మునుగుతాడు. జోకరు చేతికొస్తే ఆట కొట్టేసినట్టే అనుకుంటాడు. జోకరు లేని సీక్వెన్సు ఒక్కటైనా పడకుండా ఓడితే, కుదిరిన ముక్కలూ కుదరనివీ అన్నీ లెక్కకొస్తాయి. ఎలా ఏరాలి? రెండు పేకల ఆటలో ఆఠీను 5, 6 చేతిలో ఉంటే 4 వచ్చినా 7 వచ్చినా పనికొస్తుంది. నాలుగు ముక్కల మీద ఆశ. 5, 7 ఉంటే 6 ఒక్కటే దిక్కు, ఉన్నవి రెండే. రాజు, ఆసు జంటదీ అదే గతి, రాణి రావాలి. మొదటి పండక్కి ఈ లెక్క చాలు. పడిన ప్రతి ముక్కనూ గుర్తుంచుకునే విద్య వచ్చే సంక్రాంతికి.

‘పెద్ద ముక్క’: ఆసు, రాజు, రాణి, జాకీ, ఒక్కోటి పది. ఈ ప్రేమ రాణి విషయకమని శృంగారార్థం చెప్పినవారు ఫుల్‌కౌంటు ఇచ్చుకున్నారు.

‘సిగ్గేల’: ముక్క తీయకముందే డ్రాపంటే 20, తీశాక 40, కూర్చుని ఓడితే 80 దాకా. పలాసలో జీడిపిక్కల బస్తా కూడా 80 కిలోలే. పావు బస్తాతో లేవడమా, బస్తా మొత్తం దిగబెట్టడమా అన్నది ఉద్దానం రైతుకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పోకరు గురువులు ఫోల్డు గురించి పుస్తకాలే రాశారు. మనవాడు రెండు గణాల్లో తేల్చాడు.

పూర్వపక్షం: అంతా అదృష్టమే కదా, నేర్వడమెందుకు?

సమాధానం: సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పు ఆటే అంది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, ఇది మూడు ముక్కలాట వంటిది కాదు, అని వివరించింది. దీన్ని ఫోనులో పందేలకు అనుమతిగా అన్వయించడం అపవ్యాఖ్య. ఆన్‌లైన్ రమ్మీ, పోకరు పందేలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది.

‘ఆలకించు’: ఏకవచనం. వినేవాడొక్కడే. చెప్పేవారెందరో కవి చెప్పలేదు గాని, కొబ్బరితోటలో అల్లుడి వెనక బావమరుదులు నిలబడతారు. ఒకడు “అదొగ్గీ బావా” అంటాడు, ఇంకొకడు “ఒగ్గీకు” అంటాడు. ఇందులో ఏది మూలానుసారమో టెక్కలి, పలాస వ్యాఖ్యాతలకు ఇంకా పొత్తు కుదరలేదు.