ఒకసారి మొదలుపెడితే ఆపేకి కాదంట!

"ఒకసారి మొదలుపెడితే ఇంక ఆపేకి కాదంట గదప్పా!"

బీపీ మాత్రల గురించి ఈ మాట నాతో అననివాడు ఆదోనిలో ఇంకా మిగిలి ఉంటే కనిపించమనండి, దండ వేస్తాను. పత్తి యార్డు ముందర టీ అంగడి ఆయన అన్నాడు. క్షవరం చేసే అబ్బి కత్తి నా గొంతుకు ఆనించి మరీ అన్నాడు. రక్తపోటు ప్రస్తావనకు అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉండదు. ఎమ్మిగనూరులో మా బావమరిది అన్నాడు, వాళ్ల వియ్యంకుడు అన్నాడు. బస్సులో పక్క సీటాయన, ఏ ఊరో ఏ పేరో తెలీదు, నా జేబులోంచి తొంగిచూస్తున్న మాత్రల షీటు చూసి అన్నాడు. అనేటప్పుడు ఆయన దవడలో గుట్కా ఉంది. దాన్ని మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయగలడంట.

జ్వరం మాత్రకు చెమట పడుతుంది. నొప్పి మాత్రకు నొప్పి పోతుంది. విరేచనాల మాత్ర సంగతి చెప్పనక్కర్లేదు. బీపీ మాత్ర పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా చూడటమే దాని పని. చేతికి పట్టీ కట్టి చూస్తే 120/80 వస్తుంది. రావడం ఆలస్యం, "నార్మల్‌గా ఉండాది గదా, ఇంకేంటికి మాత్రలు?" అంటారు. గొడుగు కింద తడవలేదు గనుక వాన లేదనే మేధావులు వీళ్లు.

నేను మింగేవాటిలో ఒకటి ఆమ్లోడిపిన్. రక్తనాళాల గోడల్లో కండరం ఉంటుంది. అది బిగుసుకోవాలంటే కాల్షియం కణాల్లోకి చొరబడాలి. ఈ మాత్ర ఆ దారులు మూస్తుంది. కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. కాల్షియం అనే మాట చెవిన పడగానే మా వదినె "అయితే ఎముకలు గుల్లైపోవా?" అంది. ఎముకల జోలికి పోదు వదినా అన్నాను. "మరి కాళ్లెందుకు వాచినాయి?" అంది. వాచిన మాట నిజమే. ఈ మాత్రకు కొందరికి చీలమండలు వాస్తాయి. మోతాదు తగ్గించడమో, ఇంకో మాత్ర జతచేయడమో డాక్టరు చూసుకుంటాడు. అంత చెప్పేలోపల ఆమె ఫోనులో మా అక్కకు నా కిడ్నీలు పోయాయని చెప్పేసింది.

ఈ ఆమ్లోడిపిన్‌కు ఒక మంచి గుణముంది, అదే కొంప ముంచుతుంది. ఒంట్లో చేరిన మందులో సగం పోయేకి 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే ఒకరోజు మరిచిపోయినా వెంటనే పెద్ద తేడా రాదు. మానినవాడు మర్నాడు ఛాతీ విరుచుకుని, "చూడు, నేను మానేసినా, ఏమైంది?" అంటాడు. వాడు తిరుగుతున్నది నిన్న మొన్నటి మాత్రల పుణ్యాన.

రెండోది టెల్మిసార్టాన్. దీని కథ కిడ్నీలో మొదలవుతుంది. రక్తం చాలడం లేదని కిడ్నీకి అనిపిస్తే రెనిన్ వదులుతుంది. అది లివరు తయారుచేసిన ఒక ప్రోటీన్‌ను కోసి యాంజియోటెన్సిన్ ఒకటిగా మారుస్తుంది. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో ఉండే ఇంకో ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్ రెండు చేస్తుంది. ఆ రెండోది నాళాలను బిగిస్తుంది, ఉప్పును ఒంట్లోనే పట్టి ఉంచమని అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది. టెల్మిసార్టాన్ ఆ రెండోది వచ్చి కూర్చునే చోట ముందే కూర్చుంటుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలైతే అసలు ఒకటిని రెండు కానివ్వవు.

మా బావమరిది ఈ ఎనలాప్రిల్ జాతివాడు. "ఇంగ్లీషు మందులన్నీ విషం బావా" అని నాకు జ్ఞానబోధ చేసింది కూడా వాడే. ఈ ఒక్క విషయంలో వాడి మాట సగం నిజమని చెప్పి చేజేతులా చిక్కు తెచ్చుకున్నాను. బ్రెజిల్‌లో జరారాకా అని ఒక రక్తపింజరి జాతి పాముంది. దాని విషంలో రక్తపోటును పడేసే గుణం ఎక్కడిదా అని అక్కడి శాస్త్రవేత్తలు తవ్వారు. 1960లలో సెర్జియో ఫెరీరా అందులోంచి ఒక పదార్థం తీసి, దాన్ని పట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్లాడు. అది ఒకటిని రెండు చేసే ఎంజైమునే ఆపుతోందని తేలింది. ఆ దారినే అమెరికాలో స్క్విబ్ కంపెనీ రసాయనజ్ఞులు కుష్మన్, ఒండెట్టి కాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్ దాని తరువాతి తరం.

మనవైపు పత్తి కుప్పలో పాము కనిపిస్తే బీపీ పెరుగుతుంది, అక్కడ పాము కరిస్తే తగ్గుతుంది, దేశాచారం అని ఒక జోకు కూడా వేశాను. వాడు నవ్వలేదు. ప్రతి గురువారం మంత్రాలయం పోయే మనిషి. మాత్రను అరచేతిలో పెట్టుకుని, "అయితే ఇది మాంసాహారమా?" అన్నాడు. పాము ఇందులో లేదురా, దాన్ని చూసి ఫ్యాక్టరీలో చేసిన రసాయనం అన్నాను. "ఏకాదశికి పనికొస్తుందా?" అన్నాడు. పనికొస్తుందన్నాను. "ఉపవాసంలో పాముకు పాలు పోయాలి గానీ పామును మింగొచ్చా?" అని వాళ్లావిడ లోపలినుంచి అంది. ఆపైన వాడికి పొడిదగ్గు ఉంది. ఆ ఎంజైమే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే బ్రాడికైనిన్ పేరుకుని కొందరికి పొడిదగ్గు వస్తుంది, అలాంటివాళ్లకు సార్టాన్ రాస్తారు. నేను ఇది చెబితే, "అంటే పాము గొంతులోనే ఉండాదన్నమాట" అని నిర్ధారించుకున్నాడు.

సరే, వద్దు, వేరు మందు వాడతానన్నాడు. సర్పగంధ అంట. పేరు విని నేను తల పట్టుకున్నాను, మళ్లీ పామే! పాముకాటుకు మనవాళ్లు తరతరాలుగా వాడిన వేరు అది. దాంతో రక్తపోటు తగ్గుతుందని బొంబాయి గుండె డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాస్తే ప్రపంచం తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ అందులోంచి రిసర్పిన్ తీసింది. అది బీపీని దించింది, నిజమే. వేసుకున్నవాళ్లలో కొందరు దిగులుతో కుంగిపోయారన్న మాటా వచ్చింది. ఇంకా మంచి మందులు వచ్చాక అది వెనక్కి పోయింది. వేరు అయినంత మాత్రాన మనకు మేనమామ కాదు అన్నాను. బావమరిది దగ్గాడు.

మూడోది నీళ్ల మాత్ర. ఉప్పును మూత్రంలోకి తోస్తుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సెక్కే ముందు దాన్ని వేసుకోకూడదు. ఇంతకన్నా వివరం పెద్దమనుషుల మధ్య బాగుండదు. రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పు మనకు పొద్దున ఉగ్గాని బజ్జీతోనే కరిగిపోవడం మొదలవుతుంది. బొరుగుల్లో ఉప్పు, మిరపకాయ బజ్జీలో ఉప్పు, పైన చల్లిన పప్పుల పొడిలో ఉప్పు. "మాత్రలు వద్దప్పా" అనే పెద్దమనిషే ఆ ప్లేటు నా ముందుకు తోసి, "ఇంకో రెండు బజ్జీలు పెట్టు మా అన్నకు" అంటాడు.

గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ లాంటివి ఇంకో రకం. అడ్రినలిన్ మాట గుండెకు చేరనివ్వవు. ఆ దారి వేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు. వీటిని మాత్రం ఉన్నట్టుండి ఆపితే గుండె ఎగిరిపడుతుంది, ఛాతీనొప్పి దాకా పోవచ్చు. ఆపమనే సలహా ఇచ్చేవాడికి ఏ మాత్ర ఏదో తెలీదు. "ఆ తెల్లదా, ఆపెయ్" అంటాడు. తెల్లవి కానివి ఎన్ని?

ఎమ్మిగనూరులో మా అత్తగారి వీధిలో ఒక నేత మామ ఉండేవాడు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు, ఆ వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఆయన నన్ను "అల్లుడా" అనేవాడు. తల తిరిగిన రోజు ఒక మాత్ర, తిరగని రోజు లేదు, డబ్బు బిగుసుకున్న నెలలో సగం మాత్ర. బాగుండానని ఆయన, బాగుండాడని మేము. ఒకనాడు గుంత మగ్గంలోంచి ఆయన్ను నలుగురు పట్టి పైకి ఎత్తాల్సి వచ్చింది. నాడె ఆడించే కుడి చెయ్యి పోయింది. తర్వాత నేను చూడబోతే, "ఇప్పుడు సరిగ్గా వేసుకుంటాండా, చెయ్యి వస్తాది గదా అల్లుడా?" అన్నాడు. ఆ మాత్రలు పోయినదాన్ని తేవని, ఉన్నదాన్ని కాపాడతాయని డాక్టరు చెప్పే ఉంటాడు. నేను చెప్పలేకపోయాను. కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పుడాయన అరుగుమీద కూర్చుని దారినపోయే ప్రతివాడికీ, "మాత్ర మానొద్దబ్బీ" అని చెబుతాడు. అందరూ నిలబడి, తలూపి వింటారు. వీధి మలుపు తిరగ్గానే ఒకరితో ఒకరు, "పాపం, ఆ మాత్రలు వేసుకొనే గదా ఆయనకు చెయ్యి పడిపోయిండేది" అనుకుంటూ పోతారు.