కుంటిబాతు పద్యానికి టీకా తాత్పర్యం

ఆటవెలది:
కుంటిబాతు కాలు గోముగా పైకెత్తి
మురికినీరు మార్చి ముక్కు మునుగ
బూజుజొన్న గింజ పోయబోకుము నీవు
పల్లెనాటి బాతు బతికి పోవు

టీక: కుంటిబాతు కాలు = కుంటుతున్న బాతు పాదమును; గోముగా = నొప్పి తెలియనీయక; పైకెత్తి = లేపి (చూడమనడం కవి మరిచాడు); ముక్కు మునుగ = ముక్కు మునిగేంత (నింపి అని అధ్యాహారం); పోయబోకుము = పొయ్యమాక; నీవు = నరసరావుపేట మేడమీద బాతులు పెంచు ఓ గృహస్థా; పల్లెనాటి = పలనాటి; బాతు = బాతు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: కాలు పట్టి బాతును ఎత్తమని అన్వయించే వారున్నారు. కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా సంతకు మోసిన అలవాటు వారిచేత అలా అనిపిస్తుంది. బాతు కాలు అంత బరువు ఓర్వదు, కీలు జారుతుంది. రెక్కలమీదుగా ఒడిసి, పొట్టకింద చెయ్యి ఆనించి, ఆపైన పాదం తిప్పి చూడాలి. అరికాల్లో మిరియపుగింజంత నల్లటి చెక్కు, చుట్టూ వాపు ఉంటే అది ఆనె కాదు. గచ్చుమీద ఒరిసిన చోట స్టెఫైలోకాకస్ చేరి పట్టిన చీముగడ్డ. గోరువెచ్చని ఉప్పునీళ్లలో నానబెట్టి, బెటాడిన్ రాసి కట్టుకట్టి, వరిగడ్డిమీద ఉంచాలి.

"ముక్కు మునుగ" అనేది అలంకారం కాదు, కొలత. బాతు కళ్లూ ముక్కూ నీళ్లలో ముంచి కడుక్కుంటుంది. పళ్లెంలో నీళ్లు పెడితే కళ్లు పుసికడతాయి. కుళ్లిన నిలవనీళ్లు తాగితే బొటులిజం వచ్చి మెడ వేలాడేస్తుంది. అప్పుడేం చెయ్యాలో పద్యంలో లేదు. ఐదు గణాల పాదంలో పశువైద్యశాల పట్టలేదు కాబోలు, టీకాకారుడు చేరుస్తున్నాడు.

"బూజుజొన్న కోళ్లు తింటున్నాయి గదా, బాతులకేం?" అని పూర్వపక్షం. కోడి తట్టుకునే అఫ్లాటాక్సిన్ అనే బూజువిషం బాతు కాలేయాన్ని తినేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి, బాతుపిల్లలూ పోయాయి. కారణం బ్రెజిల్ నుంచి దిగిన బూజు వేరుశెనగ చెక్క. ఉడకబెట్టినా ఆ విషం పోదు. పూర్వపక్షం కొట్టివేయడమైనది.

పలనాట కోడికున్న ప్రతిష్ఠ బాతుకు లేదు. కోడిపోరులో ఓడి బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచింది, ఆ వీరగాథను శ్రీనాథుడు ద్విపదలో రాశాడు. బాతు ఏ రాజ్యాన్నీ పోగొట్టలేదు గనుక దానికి ఒక్క ఆటవెలదే దక్కింది.

"బతికి పోవు" దగ్గర పాఠకులకు పేచీ ఉంది. బతికిపోవును అని కలిపి చదవడం సంప్రదాయం. సాగర్ కుడికాలువ ఒడ్డువారు మాత్రం "బతికి, కాలువలోకి పోవును" అని విడదీస్తారు. వాళ్ల బాతులు పోయాయి కూడా.