వాచీ తీసి దిగండి నాయనా

కార్తీక మాసంలో మా వెంకటాచలం నుంచి మైపాడుకు సముద్ర స్నానానికి పోయే కుర్రవాళ్ళ చేతులు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. బీరువా అడుగున తాతగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ దొరికిందని, దానికి కొత్త బెల్టు వేయించుకుని, ఆ చేత్తోనే ఉప్పునీళ్ళలోకి దిగుతారు. "తీసి ఒడ్డున పెట్టు నాయనా" అంటే "ఏం కాదులే తాతా, వాటర్‌ప్రూఫ్" అంటారు. యాభై ఏళ్ళ నాటి రబ్బరు వాషర్ ఈపాటికి పెళుసెక్కి పొడి అయిపోయి ఉంటుందని వీళ్ళకు చెప్పేవాళ్ళే లేకపోయారు.

మా రోజుల్లో వాచీ అంటే భయమూ భక్తీ రెండూ ఉండేవి. ఉద్యోగం వచ్చినప్పుడో, పెళ్ళికి మామగారు పెట్టినప్పుడో ఒకటి చేతికొచ్చేది. ఇక జన్మంతా అదే నడవాలి. బావి దగ్గరికి పోతే గూట్లో పెట్టి పోయేవాళ్ళం. కనుపూరు కాలవలో కాళ్ళు కడుక్కోవాలన్నా ముందు వాచీ తీసి జేబులో వేసుకునేవాళ్ళం. వానొస్తే చేతిరుమాలులో చుట్టి దాచేవాళ్ళం. కీ ఇచ్చేటప్పుడు సైతం చేతికి ఉంచుకుని తిప్పేవాళ్ళం కాదు. అది చాదస్తమని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. చేతికి ఉండగా కీ తిప్పితే లోపలి కడ్డీ పక్కకు ఒరుగుతుంది, కీలో ఉండే చిన్న రబ్బరు రింగు ఒకవైపే అరుగుతుంది. బ్యాటరీ వాచీకి కీ నెలకోసారి కదిలితే ఎక్కువ. జనతాకు రోజూ తిప్పాల్సిందే. అందుకే కీ వాచీలో నీళ్ళు మొదట దూరేది కీ దగ్గరే.

జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో కంపెనీతో కలిసి వాచీలు చేసింది. 1987లో టైటాన్ వచ్చాక అందరూ బ్యాటరీల వైపు మళ్ళారు. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. కంపెనీ పోయింది గానీ ఆ 17 రాళ్ళ మిషన్లు పోలేదు. శుభ్రం చేసి నూనె వేస్తే ఇవాళ్టికీ నడుస్తాయి. ముందుగా చెడేది మిషను కాదు, దాన్ని కాపాడాల్సిన కేసు. చాలా మోడళ్ళకు ఇత్తడి కేసు మీద క్రోమియం పూత, వెనక స్టీలు మూత. మా తీరంలో సముద్రపు గాలి, చెమట, రొయ్యల గుంటల ఉప్పునీళ్ళు మూడూ కలిసి ఆ పూతను లేపేస్తాయి. పూత లేచిన చోట పచ్చగా చిలుము పడుతుంది. మూత కూర్చునే అంచు గుంటలు పడుతుంది. అంచు అట్టా తినేశాక ఎంత మంచి వాషర్ వేసినా ప్రయోజనం లేదు.

ఈ సంగతి నెల్లూరు ట్రంకు రోడ్డు మెకానిక్కులకు తెలుసు. గాజు పెట్టె వెనక, కంటికి అద్దం బిగించుకుని కూర్చునేవాళ్ళు. వాచీ చేతికివ్వగానే ఎంత టైము తప్పుతోందని అడిగేవాళ్ళు కాదు, మూత తీసి ముందు అంచు చూసేవాళ్ళు. పాత వాషర్ కొన్నిటికి కరిగి నల్లటి జిగురై మూతకు అంటుకుపోయేది, కొన్నిటికి సూది తగలగానే ముక్కలయ్యేది. ఆ మురికిని సన్నటి పుల్లతో గీకి, గాడి చుట్టూ తుడిచి, కొత్త వాషర్‌కు గ్రీజు పలచగా రాసి కూర్చోబెట్టేవాళ్ళు. గ్రీజు నీళ్ళను ఆపడానికి కాదు, మూత బిగించేటప్పుడు రబ్బరు మెలితిరగకుండా సర్దుకోవడానికి. ఎక్కువైతే అది మిషనులోకి పాకుతుంది, అదో నష్టం. చివరగా మూత లోపలి వైపు సూదితో తేదీ, తన గుర్తు గీసి మూసేవాళ్ళు. పాత వాచీ మూత తీసి చూడండి, వెంట్రుకంత సన్నటి గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. దాన్ని ఎవరు ఎప్పుడు బాగుచేశారో అక్కడే చదవొచ్చు.

పెద్ద షాపుల్లో నీళ్ళ పరీక్ష ఉండేది. దళసరి గాజు గొట్టం, సగం వరకు నీళ్ళు. వాచీని నీటికి పైన గాలిలో వేలాడదీసి, పంపుతో ఒత్తిడి పెంచి కాసేపు ఆగుతారు. ఎక్కడైనా సందుంటే గాలి ఈలోగా లోపలికి పోతుంది. తర్వాత వాచీని నీళ్ళలోకి దించి ఒత్తిడిని మెల్లగా వదులుతారు. లోపలికి పోయిన గాలి బయటికి రావాలి కదా, సందున్న చోట బుడగలు లేస్తాయి. కీ దగ్గర లేస్తే కీ మార్చాలి, గ్లాసు చుట్టూ లేస్తే గ్లాసు, వెనక లేస్తే వాషర్. ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే వాచీని నీళ్ళలోంచి పైకి లాగాలి. ఆలస్యమైతే ఆ సందులోంచే నీళ్ళు లోపలికి పోతాయి. చేతివాటం తెలిసిన పని అది.

ఇప్పుడు? రోడ్డు పక్కన నిమిషాల్లో బ్యాటరీ మారుస్తున్నారు. చాకుతో మూత లేపుతారు, బ్యాటరీ వేస్తారు, బొటనవేలితో నొక్కేస్తారు. వాషర్ గాడిలోంచి జారిందా, మూత కింద నలిగిందా అని చూసే ఓపిక లేదు. నలిగిన వాషర్ ఉన్నా లేనట్టే. పాత హెచ్‌ఎంటీలకు కొత్త రంగు డయల్ వేసి, కేసును తళతళలాడేట్టు అరగదీసి అమ్మేవాళ్ళు ఇంకో రకం. అరగదీస్తే అంచు పలచబడుతుంది, మూత వదులవుతుంది. కొనేవాడు మెరుపు చూస్తున్నాడు, లోపల వాషర్ ఉందో లేదో అడగడం లేదు.

వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉందంటారు. అది లోతు కాదు నాయనా, ఒత్తిడి లెక్క. కొత్త వాచీని, కొత్త రబ్బరుతో, కదలకుండా ఉంచి చూసిన లెక్క. వాన చినుకులకు, చేతులు కడుక్కునేటప్పుడు పడే చిందులకు మాత్రమే పనికొస్తుంది. 1926లో రోలెక్స్ మూతనూ కీనీ మరల్లా బిగించే కేసు చేసింది. మరుసటి ఏడు మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఆమె దాన్ని మెడలో వేసుకుని ఇంగ్లిష్ చానల్ చల్లటి నీళ్ళలో పది గంటలకు పైగా ఈదింది, వాచీ ఆగలేదు. అట్టాంటి కేసుకు కూడా రబ్బరు మార్చకపోతే కొన్నేళ్ళకు నీళ్ళు పడతాయి. అలాంటప్పుడు, వేలితో నొక్కి మూసే జనతా మూత ఎంత? రోహిణీ కార్తె ఎండలో వేడెక్కిన వాచీతో బోరునీళ్ళ కింద చెయ్యి పెడితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఏ చిన్న సందున్నా తేమను లాక్కుంటుంది. వేడినీళ్ళ స్నానం, సబ్బు రబ్బరుకు ఇంకా చేటు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా బంధువుల ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. తడిసిన వాచీని ఎవరో చెప్పారని బియ్యం డబ్బాలో వేసి వారం ఉంచారు. మా నెల్లూరు మొలగొలుకులు ఎంత పేరున్న బియ్యమైనా మూత లోపలి నీటిని లాగలేవు. తీరా విప్పిస్తే కీ కడ్డీ తుప్పుతో విరిగి ఉంది, డయల్ మీద గోధుమరంగు మరకలు. తడిసిన నాడే మెకానిక్కు దగ్గరికి పోయుంటే బతికేది. ఉప్పునీళ్ళయితే ఆ మాట అతనికి తప్పక చెప్పాలి. అప్పుడు మిషను విప్పి కడగాలి గానీ, ఆరబెడితే చాలదు.

గ్లాసు లోపల ఆవిరి కనబడితే అది మొదటి హెచ్చరిక. వాచీని కొంచెం వెచ్చచేసి, గ్లాసు మీద చన్నీటి చుక్క ఒకటి వేసి నిమిషం ఆగి తుడవండి. చుక్క ఉన్న చోట లోపల మసక పడితే తేమ చేరినట్టే.

మీ ఇంట్లో నాన్నదో తాతదో వాచీ ఉంటే ఏడాదికోసారి వాషర్, కీ చూపించండి. కేసు అంచు తినేసి ఉంటే దాన్ని పొడిగానే వాడుకోండి, నీళ్ళ జోలికి తీసుకుపోవద్దు. చూపించేది బ్యాటరీలు వేసేవాడికి కాదు, కంటికి అద్దం పెట్టుకుని పనిచేసే మనిషికి. అట్టాంటివాళ్ళు నెల్లూరులో ఇంకా ఉన్నారు. పనిస్తేనే ఉంటారు. మూత మూసేముందు లోపల తేదీ గీయమని అడగండి.